గ్యాసు బత్తి మింగని వెండి

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక పెళ్లి ఊరేగింపు నవ్వులపాలైన కథ. ఇందులో ఒక గుర్రానికి కళ్లు బైర్లు కమ్ముతాయి, ముత్తైదువలు నీలం రంగుకు తిరుగుతారు, ఒక వియ్యంకుడు తాంబూలం ముందు అలిగి కూర్చుంటాడు, చేతికి అందబోతున్న నా పెళ్లి నా కళ్ల ముందే జారిపోతుంది. వీటన్నిటికీ కారణం నేనేనని మా బంధువులు ఈనాటికీ చెప్పుకుంటారు. కారణం నేనే, కాదనను. తప్పు మాత్రం నాది కాదు. కారణానికీ తప్పుకూ తేడా తెలియని వాళ్లతో ఇన్నేళ్లుగా వాదిస్తూనే ఉన్నాను. ఇప్పుడు రిటైరై తీరిక దొరికింది కాబట్టి ఇంకా గట్టిగా వాదిస్తాను.

ఏ రోజు ఏం చేశానో ఆ రోజే రాసి పెట్టుకోవడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఆనాటి డైరీ పేజీలో "ప్రయోగం సఫలం, పరిస్థితులు ప్రతికూలం" అని ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా మార్చే ఉద్దేశం నాకు లేదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. నా పేరు భూమయ్య. అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక హైస్కూల్లో సైన్సు అసిస్టెంటును. అంటే, పంతులు పాఠం చెబుతుంటే పక్కన నిలబడి ప్రయోగం చేసి చూపించడం, ప్రయోగంలో పగిలిన గాజు సామానుకు సంజాయిషీ రాయడం నా ఉద్యోగం. రెండో పనిలో నాకు మంచి పేరుండేది.

మా మేనమామ లింగయ్యది అదే ఊళ్లో వెండి తీగల పని చేయించే దుకాణం. వెంట్రుకంత సన్నని వెండి తీగను మెలితిప్పి, అల్లి, అతికి, అత్తరుదానులు, పన్నీరు బుడ్లు, తాంబూలం పెట్టెలు చేయించి అమ్మేవాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దామె సరోజన పెళ్లి మెట్‌పల్లి సంబంధంతో కుదిరింది. చిన్నామె అనసూయ. అనసూయను నాకిస్తారని రెండిళ్లలోనూ ఎప్పటి నుంచో అనుకుంటున్నారని మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పేది. అలా అనుకుంటున్నది రెండిళ్లలోనూ కలిపి మా అవ్వ ఒక్కతేనని నాకు తర్వాత తెలిసింది.

మామకు నా మీద గురి లేదు. దానికి ఆయన చెప్పే కారణం గోడ గడియారం. వాళ్లింటి గడియారం ఆలస్యంగా నడుస్తోందంటే ఎందుకో కనుక్కుందామని నేనొకసారి విప్పాను. ఆ తర్వాత అది ఎన్నడూ ఆలస్యంగా నడవలేదు. అసలు నడవనే లేదు. ఇంత చిన్న విషయానికి మనిషి మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం న్యాయమా, మీరే చెప్పండి.

పెళ్లి దగ్గర పడ్డాక మామ నన్ను దుకాణానికి పిలిపించాడు. వెండి తీగ చుట్టల మధ్య కూర్చోబెట్టి చాలా నిదానంగా మాట్లాడాడు. కోపం వచ్చినప్పటి కన్నా ఆయన నిదానంగా మాట్లాడినప్పుడే నాకు భయం.

"భూమిగా, బిడ్డ పెండ్లిల నీకు రెండు పనులు చెప్తున్న. రెండే. ఎదురుకోళ్లకు ఖాజా మియా దగ్గర గ్యాసు బత్తీలు కిరాయికి మాట్లాడి దగ్గరుండి నడిపియ్యాలె. ఇంకోటి, తాంబూలాలకు వరఖు అద్దిపియ్యాలె. గీ రెండు సక్కగ చేసినవంటె, పెండ్లయినంక మీ అవ్వతోని కూసొని అనసూయ సంగతి మాట్లాడుత."

"చెయ్యకపోతె?"

"అప్పుడు నువ్వు మా అక్క కొడుకువు. గంతే."

వరఖు తెలియని వాళ్లు ఉండరనుకుంటాను. వెండిని తోలు పొరల మధ్య పెట్టి సుత్తెతో కొట్టి కొట్టి, కాగితం కూడా మందమనిపించేంత పలచగా చేసిన రేకు అది. మిఠాయి మీద, తాంబూలం మీద అద్దుతారు. వియ్యాలవారికి వరఖు లేని తాంబూలం ఇస్తే వాళ్లను మామూలు గిరాకీలతో జమకట్టినట్టే. పైగా వియ్యంకుడు గంగారాం మెట్‌పల్లిలో పేరున్న మనిషి, మర్యాదల విషయంలో తూకం రాళ్లు జేబులో పెట్టుకొని తిరిగే రకం. అందుకని మామ హైదరాబాదు నుంచి మేలు రకం వరఖు తెప్పించాడు. చిన్న చిన్న కాగితపు పుస్తకాల్లో, ఆకుకూ ఆకుకూ మధ్య ఒక్కో వెండి రేకు.

ఇక గ్యాసు బత్తీలు. కరెంటు దీపాలు ఊరేగింపులోకి ఇంకా రాని రోజులు. కిరసనాయిలు పోసి, గాలి కొట్టి వెలిగించే ఆ బత్తీలను మనుషులు నెత్తి మీద పెట్టుకొని పెళ్లికొడుకుకు రెండు పక్కలా నడిచేవాళ్లు. నేను చాలా ఊరేగింపులు చూసి, చాలా ఆలోచించి ఒక సంగతి కనిపెట్టాను. బత్తి వెలుతురులో సగం పెళ్లికొడుకు మీద పడుతుంది. మిగిలిన సగం గోడల మీద, కుక్కల మీద, సంబంధం లేని వాళ్ల మీద పడి వృథా అవుతుంది. బత్తి చుట్టూ ఉండే గాజుకు లోపలి వైపు సగం దాకా వెండి పూత పెడితే? ఆ సగం అద్దమవుతుంది. వృథాగా పోయే వెలుతురు వెనక్కి తిరిగి పెళ్లికొడుకు మీదే పడుతుంది. ఒక బత్తి రెండు బత్తీల పని చేస్తుంది.

వెండి పూత ఎక్కడ దొరుకుతుందని మీరు అడగరు. నేనూ అడగలేదు. ఒక చేతిలో గాజు ఉంది, ఇంకో చేతిలో వరఖు ఉంది. రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించినవాడు మామ. ఈ విషయం విచారణలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎదురుకోళ్ల రోజు, అంటే మగపెళ్లివారిని ఎదురెళ్లి పిలుచుకొచ్చే లగ్నం ముందురోజు, మధ్యాహ్నం మామ ఇంట్లో మిద్దె మీది గదిలో తలుపులు బిగించుకొని, ఖాజా మియా దగ్గర ముందే తెచ్చిపెట్టుకున్న బత్తి గాజులతో పని మొదలుపెట్టాను. గాజు లోపల తడి చేయాలి, వరఖు రేకును కాగితంతో సహా వంచి లోపలికి పంపాలి, కాగితం లాగేయాలి, రేకు గాజుకు అంటుకుంటుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ఆ రేకు, ఊపిరి తగిలితే మడత పడుతుంది, వేలు తగిలితే వేలికి అంటుతుంది, ఏమీ తగలకపోతే దానంతటదే చిరుగుతుంది. ఒకసారి తుమ్మాను. జమ్మికుంట మార్కెట్లో పత్తి బోరెం విప్పితే ఎగిరినట్టు గదంతా వెండి ఎగిరింది.

అప్పుడు అనసూయ చాయ పట్టుకొని వచ్చింది. తలుపు దగ్గరే ఆగి నన్ను తేరిపార చూసింది.

"బావా, మూతికేమైంది?"

"ఏమున్నది?"

"వెండి మీసం మొలిచింది. ముసలోనివైతె ఎట్లుంటవో ఇప్పుడే కనవడుతున్నది." కాస్త తల వంచి ఇంకో పక్క నుంచి చూసింది. "పర్వాలేదు. ఉండొచ్చు."

ఆ "ఉండొచ్చు" అనే మాటకు నా చేతిలోని రేకు నిలువునా చిరిగింది.

"గివి తాంబూలాలకు తెచ్చినయి గదా," అంది.

"కొన్నే తీస్కున్న. మిగిలినయి తాంబూలాలకే."

"మిగిలినయెక్కడ?"

చూస్తే పుస్తకాలన్నిటిలోనూ కాగితాలే ఉన్నాయి. వరఖులో కొంత గాజులకు అంటింది, కొంత నేలకు, కొంత నాకు.

"ఇప్పుడేం చేస్తవ్?"

"ఫికర్ చెయ్యకు. వెండి ఎటు వోలే గదా, బత్తీల మీదున్నది. ఊరేగింపుల గా వెలుతురు చూసినంక తాంబూలం మీద వరఖున్నదా లేదా అని ఎవలడుగుతరు? మీ బాపు నన్ను చూసి మురుస్తడు."

"మురుస్తడో ఉరుముతడో," అని అనసూయ గ్లాసు అక్కడ పెట్టి, పోతూ పోతూ నా మూతి ఇంకోసారి చూసి నవ్వి వెళ్లింది.

నేను క్రమపద్ధతి గల మనిషిని. పని ముగించాక అన్నీ పరీక్షించాను. గాజును ఊపితే వెండి రాలుతుందా? రాలలేదు. గాలికి లేస్తుందా? లేవలేదు. అద్దంలా ఉందా? నా వెండి మీసం అందులో వెంట్రుక వెంట్రుకగా కనిపించింది. వెనక ఒక కొవ్వొత్తి వెలిగించి రేకు గుండా చూస్తే వెలుగు కాస్త దాటి వచ్చింది, అదీ నీలంగా, వాన వెలిసిన ఆకాశంలా. చాలా అందంగా ఉందని రాసుకున్నాను. పరీక్షించనిది ఒక్కటే. గ్యాసు బత్తి వెలిగితే కాలుతుంది. ఆ కాక తగిలితే ఇంత పలచని వెండి ఏమవుతుందన్నది చూడలేదు. మీకిది ఎప్పుడో తట్టి ఉంటుంది. మీకు తట్టడంలో గొప్పేం లేదు. మీరు పెళ్లింట్లో లేరు, అనసూయ మీతో "ఉండొచ్చు" అనలేదు.

పొద్దు గూకుతుండగా ఊరేగింపు విడిది నుంచి బయల్దేరింది. బత్తీల యజమాని ఖాజా మియా గాజులను చూసి కంగారు పడ్డాడు.

"సారూ, నా బత్తీలకు ఒక కన్ను పోయింది గదా."

"పోలేదు ఖాజా భాయ్. రెండు కండ్ల చూపు ఒక్క కంటికి తెచ్చిన."

"మంచిదే గని, నా గ్లాసుకేమన్న అయితె మీరే జవాబుదారు."

"అన్నిటికీ నేనే జవాబుదారును." ఈ మాట గట్టిగా, నలుగురూ వినేలా అన్నాను. అదే నా అలవాటు.

బత్తీలు వెలిగాయి. వెండి వైపు బయటికి, ఒట్టి గాజు వైపు లోపలికి ఉండేలా మోసేవాళ్లను సరిగ్గా నిలబెట్టాను. ఏం వెలుతురు అది. గుర్రం మీద పెళ్లికొడుకు కొత్త ఇత్తడి బిందెలా మెరిసిపోయాడు. తలపాగా మీది జరీ, మెడలో పూలదండ, కింద గుర్రం పళ్లు, అన్నీ విడివిడిగా కనిపించాయి. వియ్యంకుడు గంగారాం నడక ఆపి కొడుకును చూసుకొని పొంగిపోయాడు.

"లింగయ్య బావా, గిట్లాంటి వెలుతురు నేను యాడా చూడలే. ఎవల తెలివి గిది?"

మామ ఛాతీ విరుచుకొని అన్నాడు, "మా అల్లునిది."

అల్లుడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. అక్కడితో ఊరేగింపు ఆగిపోయి అందరూ ఇళ్లకు పోయి ఉంటే ఈ కథ రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

మొదట గుర్రం తేడా చేసింది. అంత వెలుతురు రెండు కళ్లలోనూ పడేసరికి దానికి ముందు దారి కనిపించలేదు. అది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకు తలపాగా పట్టుకోవాలా కళ్లేలు పట్టుకోవాలా తేల్చుకోలేక రెంటినీ వదిలి గుర్రం మెడ పట్టుకున్నాడు. దాని ముఖానికి తువ్వాలు కప్పి నడిపించారు.

తర్వాత ఆడవాళ్ల వరుసలో గోల. వాళ్లు బత్తీలకు బయటి వైపు, అంటే వెండి వైపు నడుస్తున్నారు. వరఖు గుండా దాటి వచ్చే ఆ కాస్త నీలం వెలుగే వాళ్ల మీద పడుతోంది.

"ఎల్లవ్వా, నీ మొఖమేందే, నీలిమందుల ముంచినట్లున్నది?"

"నాది ఇడిసిపెట్టు, నీది చూస్కో. పాణం పోయినట్లే ఉన్నవ్."

"గీ పోరడేం బత్తీలు వెట్టిండో ఏమో. పెండ్లికి వచ్చిన్నా, నీళ్లల మునిగిన్నా?"

నేను వాళ్లకు కాంతి సంగతి వివరిద్దామని రెండడుగులు వేశాను. అంతలో నాకే ఒక సంగతి కనిపించి అడుగు ఆగింది. దగ్గరి బత్తి గాజులో, మంట సూటిగా తగిలే చోట, అద్దం మీద మజ్జిగ చుక్క పడ్డట్టు తెల్లని మచ్చ. చూస్తుండగానే అది పెరిగింది. అద్దం మసకబారింది, పాల రంగయింది, తర్వాత చలికాలం పొద్దెక్కాక మంచు విడిచినట్టు మెల్లగా విడిచిపోయింది. దాని వెనకనున్న మంట నాకు ఇవతలి నుంచి కనిపించడం మొదలైంది. ఒక్కో బత్తీదీ అదే వరస. వెండి కరిగి కారలేదు, పొరలై రాలలేదు. ఉన్నచోటనే ఉండి లేకుండా పోయింది.

ఆడవాళ్లు మళ్లీ మామూలు రంగుకు వచ్చారు. గుర్రం ముఖం మీది తువ్వాలు తీసేశారు. ఊరేగింపులో అందరూ సంతోషంగా ఉన్నారు. ఒక్క నేను మాత్రం బత్తి మోసే మనిషి పక్కన మెడ చాపుకొని, మూట పోగొట్టుకున్న బాటసారిలా నడిచాను.

ఆడపెళ్లివారి పందిరి ముందు ఎదురుకోళ్లు. ఆ పక్కా ఈ పక్కా ఎగతాళి మాటలు, బుక్కా గులాలు చల్లుకోవడం అయ్యాక తాంబూలాల పళ్లెం వచ్చింది. గంగారాం ఒక తాంబూలం చిలక చేతిలోకి తీసుకొని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"బావా, గిది తాంబూలమా, మేకల మేతనా?"

మామ పళ్లెం వంక చూశాడు. ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు లేదు. తర్వాత నా వంక చూశాడు. మళ్లీ అదే నిదానం.

"భూమయ్యా, వరఖు యాడ వెట్టినవ్?"

"బత్తీలకు పెట్టిన మామా."

"యే బత్తీలకు?"

"ఇందాక అందరు మెచ్చుకున్న బత్తీలకే."

ఖాజా మియా ఒక బత్తి ఆర్పి, చల్లారనిచ్చి, గుడ్డతో గాజు తీసి మామ చేతికిచ్చాడు. మామ దాన్ని కంటి ముందు పెట్టుకొని చూశాడు. అవతలి పక్క నుంచి గంగారాం కూడా వంగి చూశాడు. గాజుకు ఈ దిక్కున ఒక వియ్యంకుడు, ఆ దిక్కున ఒక వియ్యంకుడు, ఒకరికొకరు చక్కగా కనిపించారు. వెండి పూసిన గాజులో అలా కనిపించకూడదు.

"వెండేది?"

"గాజు మీదనే ఉన్నది మామా."

"నాకు కనవడ్తలేదు."

"కనవడదు. గని ఉన్నది."

"ఉన్నదైతె కనవడదా?"

"గాలి ఉన్నది, కనవడుతున్నదా?"

"గాలి నేను హైదరాబాద్ నుంచి తెప్పియ్యలేదురా."

పందిరి కింద నవ్వు లేచింది. గంగారాం మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కొని, చేతులు కట్టుకొని కూర్చున్నాడు.

"లింగయ్య బావా, వెండి పని ఇంట్ల పిల్లను చేసుకుంటున్ననని మురిసిన. గీ ఇంట్ల వెండి బత్తి కాకకే మాయమైతె, రేపు నా కోడలి కాళ్ల కడియాలు ఎండకు మాయమైతయా? గిది తేలేదాక నా కొడుకు పీటల మీద కూసోడు."

తెల్లవారితే లగ్నం. మామ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"వెండి నాకు కొత్త గాదు. నిప్పుల వెడితె కరుగుతది. కరిగితె బొట్టు వడుతది. బొట్టేది? నిజం చెప్పు. అమ్ముకున్నవా?"

నన్ను తెలివితక్కువవాడంటే ఊరుకునేవాణ్ణి, ఆ మాట నాకు చుట్టమే. దొంగ అనడంతో చెవులు భగ్గుమన్నాయి. అంతలో మా అవ్వ నన్ను కాపాడటానికి ముందుకొచ్చింది.

"తమ్మీ, నా కొడుకు పిచ్చోడంటె ఒప్పుకుంట. దొంగ మాత్రం గాదు."

కన్నతల్లి అండ ఉంటే ఇంత బలం. నేను జేబులోంచి స్కూలు భూతద్దం తీసి, గాజును ఇంకో బత్తి ఎదుట పట్టి, కన్ను ఆనించి చూశాను. అప్పుడు అర్థమైంది. రేకు రేకుగా లేదు. పొడి ఇసుక చల్లినట్టు సన్నని గింజలు, గింజల మధ్య జల్లెడలో లాగా సందులు. నేను లేచి నిలబడి, క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడాను.

"చేమాకు మీద నీళ్లు వోస్తె పరుచుకుంటయా? ముడుచుకొని గుండ్లు గుండ్లయితయి. వరఖు చాప లెక్క పరిచి ఉండె. కాక తాకేసరికి కరగకముందే ముడుచుకున్నది. గింజలు గింజలైంది. గింజల నడుమ సందులల్ల నుంచి వెలుతురు దాటిపోతున్నది. గందుకే అద్దం పోయింది. వెండి పోలే. గురిగింజంత సుత తక్కువ గాలే."

గంగారాం భూతద్దం తీసుకొని చూశాడు. "నాకు నీ బొటనవేలు కనవడుతున్నది," అన్నాడు.

"మామా, దుకాణంల మెరుగు రాయి తెప్పియ్యి," అన్నాను.

"గాజుకు మెరుగు వెడుతవా?"

"నువ్వు వెండి సామాను పులుసుల ఉడికిచ్చి తీస్తె ఎట్లుంటది? సున్నం కొట్టినట్లు తెల్లగ, మసకగ ఉంటది. రాయితోని రుద్దితె మెరుస్తది. అప్పుడు కొత్త వెండి యాడి నుంచన్న వచ్చిందా? ఉన్న వెండే అణిగి మెరిసింది. గిది సుత గంతే. ముడుచుకున్నదాన్ని అదుముతె పరుచుకుంటది."

తన పని గురించి తనకే చెబుతున్న నన్ను మామ ఎగాదిగా చూసి అనసూయకు సైగ చేశాడు. అనసూయ పోయి రాయి తెచ్చింది. చిన్న కర్రపిడికి బిగించిన నున్నని రాయి. నేను గాజును తొడ మీద గుడ్డలో పెట్టుకొని, రాయి మొన లోపలికి పోనిచ్చి, ఒక్క గీత గట్టిగా రుద్దాను.

మసక గాజులో తళుక్కుమని ఒక గీత. అద్దమంత నున్నని, అచ్చమైన వెండి గీత.

మామ నా చేతిలోంచి గాజు లాక్కున్నాడు. తన చేత్తో, తన ఒడుపుతో ఇంకో గీత రుద్దాడు. అదీ మెరిసింది. ఆయన కళ్లు కూడా మెరిశాయి. నా మీద ప్రేమతో కాదు, వెండి మీద.

"నాకియ్యి బావా," అన్నాడు గంగారాం కుర్చీ దిగి.

"ఆగు, నువ్వు మెట్‌పల్లోనివి, నీకు రాదు."

"రుద్దుడు రాకపోవుడేంది. నువ్వే మెల్లగ రుద్దుతున్నవు. జర గట్టిగ, గిట్ల."

రేపటి లగ్నాన్ని ఆపుతానన్న మనిషి పందిట్లో చతికిలబడి, నాలుక కొరుక్కుంటూ గాజు రుద్దాడు. వియ్యంకులు ఇద్దరూ రాయి కోసం పోట్లాడుకున్నారు. ఎల్లవ్వ కూడా ఒక గీత గీస్తానని వచ్చింది. చివరికి గంగారాం పట్టుదల కొద్దీ మోకాలు ఆనించి అదిమాడు. టప్పుమంది. గాజు రెండు చెక్కలైంది.

"నా గ్లాసు," అన్నాడు ఖాజా మియా, చాలా నెమ్మదిగా.

గమనించండి. పగలగొట్టింది నేను కాదు. ఇంత మంది సాక్షులున్నారు. అయినా మా బంధువుల్లో ఈ కథ చెప్పేటప్పుడు గాజు పగలగొట్టింది భూమయ్యే అంటారు.

గంగారాం గుడ్డతో చేతులు తుడుచుకొని, "వెండి ఉన్నది. నా కండ్లతోని చూసిన. లగ్గం కానియ్యి బావా," అన్నాడు. పందిరి ఊపిరి పీల్చుకుంది. నేను ఛాతీ విరిచి మామ ఎదుట నిలబడ్డాను. నిరూపించాను కదా మరి. మామ నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"దొంగవు గాదు. ఒప్పుకున్న. గని నేను చెప్పింది రెండు పనులు. తాంబూలం గడ్డి లెక్కైంది, బత్తి పగిలింది, గుర్రం పరేషాన్ అయింది, ఆడోళ్లు నీలమైన్రు. అనసూయ ముచ్చట ఇగ మనసుల పెట్టుకోకు."

సైన్సు గెలిచింది, నేను ఓడిపోయాను. వాదించడానికి నోరు తెరిచాను. నా జీవితంలో మొదటిసారి అందులోంచి మాట రాలేదు.

అప్పుడు పందిరి గుంజ దగ్గర నిలబడ్డ అనసూయ మాట్లాడింది. ఎదురుకోళ్లు కదా, ఆడపిల్లలు మాట విసరడానికి ఆ సాయంత్రం అడ్డు లేదు.

"బాపూ, ఒక మాట. బావ సుత గా వెండి అసొంటోడే. జర కాక తాకితె ఎటు వోయిండో కనవడడు. ఉండుడైతె ఆడ్నే ఉంటడు. గట్టిగ రుద్దెటోళ్లు కావాలె. నేను రుద్దుకుంట తియ్యి."

మొదట నవ్వింది గంగారాం. తర్వాత రెండు పక్షాలూ. ఖాజా మియా కూడా గాజు చెక్కలు పట్టుకొని నవ్వాడు. మామ మాత్రం నవ్వలేదు. బిడ్డను చూశాడు, నన్ను చూశాడు, ఆ చెక్కలను చూశాడు.

"నీ ఇష్టం బిడ్డా. పగిలితె మాత్రం నాకు చెప్పకు," అన్నాడు.

పగిలిన చెక్కల్లో ఒకదాన్ని నేను స్కూలుకు తీసుకుపోయి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి, విడివిడి గింజలు, మధ్య ఖాళీ సందులు. వరఖు మరీ పలచగా ఉన్న ఒక అంచున గాజు లేత పసుపు రంగుకు తిరిగి ఉంది. గింజలు ఎంత చిన్నవి, ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి అదే వెండి ఒకచోట అద్దమవుతుంది, ఒకచోట పాలవుతుంది, ఒకచోట పసుపు పూసుకుంటుంది. ఈ మధ్య పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు పలచని వెండి పూతలను కొలిమిలో వేడి చేసి ఇదే సంగతి చూస్తున్నారని విన్నాను. వాళ్ల పూత ముందు వరఖు గొంగళి అంత మందమట. కానివ్వండి. వాళ్లను మాత్రం ఎవరూ పందిట్లో నిలబెట్టి అమ్ముకున్నావా అని అడగడం లేదు.

కాబట్టి దేవుడి మీద, నా డైరీల మీద, ఇన్నేళ్లుగా చేయి నొప్పి పుట్టినా రుద్దడం మానని అనసూయ మీద ఆనపెట్టి, పెద్దలందరి ఎదుట ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట ఎవరి పెళ్లిలోనూ, ఎంత దూరపు చుట్టమైనా సరే, తాంబూలానికి తెచ్చిన వరఖును బత్తి గాజుకు అతికించను. మాట తప్పను. అయితే ఈ కథ చదివాక కూడా వెండి పోయిందని ఎవరైనా అంటే, ఒక గ్యాసు బత్తి, ఒక వరఖు పుస్తకం తెచ్చుకొని మా ఇంటికి రండి. ఆ ఒక్కరోజుకు ప్రతిజ్ఞ పక్కన పెడతాను.